చిల్లుబిళ్ల

"డైరీ ఇవ్వమన్నానా?"

నాన్న నా గది గుమ్మంలో చెయ్యి చాచి నిలబడ్డాడు. ఇలా అడగడం ఇది మూడోసారి. మొదట మామూలుగా అడిగాడు. తర్వాత బుజ్జగిస్తూ అడిగాడు. ఇప్పుడు ఆ గొంతులో బుజ్జగింపు లేదు.

నేను మంచం మీద కూర్చుని దిండుని పొట్టకి అదుముకున్నాను. డైరీ దిండు గలేబులో ఉంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను గానీ, దిండుని అంత గట్టిగా పట్టుకుంటే ఎవరికి తెలియదు?

"అందులో నాకు కావలసింది ఒక్క మాటేనే. రోజూ రాస్తావు కదా, దీపం వెలుగుతోంది అని. పదకొండింటికి నీళ్లు పరీక్ష చేసే ఆవిడ వస్తుంది. ఆవిడ ముందు ఆ పుస్తకం పెడితే చాలు. మన తప్పు లేదని తెలిసిపోతుంది."

"ఇవ్వను."

ఆ మాట ఎంత చిన్నగా అన్నానంటే నాన్న "ఏంటీ?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను.

హాల్లోంచి నానమ్మ అందుకుంది. "పదిహేనేళ్ల పిల్ల పుస్తకం దాచిందంటే అందులో ఉండేది నీళ్ల సంగతి కాదురా. ముందు వాడెవడో కనుక్కో."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

"నేనూరుకుంటాను. వీధి ఊరుకుంటుందా?"

బాబాయి నవ్వాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ అతను హాలు మధ్యలో పాత పేపరు పరిచి, పనిముట్ల పెట్టె బోర్లించి దేనికోసమో వెతుకుతున్నాడు. స్పానర్లు, వాషర్లు, తుప్పు పట్టిన మేకులు, అన్నీ విడివిడిగా పోశాడు. "మన సైలెంటుకి ప్రేమలేఖ రాసేవాడు ఎవడుంటాడమ్మా? జవాబు కోసం చూసి చూసి ముసలాడైపోడూ?"

మా ఇంట్లో నా పేరు అదే. సైలెంటు.

ఎప్పుడూ నాకు ఆ మాటకి కోపం రాలేదు. ఇవాళ వచ్చింది. ఆస్పత్రిలో పదకొండు మంది పిల్లలు వాంతులు, విరేచనాలతో పడుకుని ఉన్నారు. పదకొండు మందీ మా ప్లాంటు నీళ్లు తాగినవాళ్లే. ఈయనకి జోకులెలా వస్తున్నాయి?

నాన్న వెనక్కి తిరిగాడు. "గంట టైమిస్తున్నాను. ఈలోపు నువ్వే తెచ్చివ్వు. లేకపోతే ఆ గదిలో ఏదీ ఉన్నచోట ఉండదు."

అని రెండడుగులు వేశాడో లేదో, ఆగి ముక్కుతో గాలి పీల్చాడు.

వంటింటి తలుపు వేసి ఉంది. తలుపు కింది సందులోంచి ఆవిరి వస్తోంది.

"మళ్లీ కాస్తున్నావా?" నాన్న వంటింటి తలుపు తోశాడు.

పొయ్యి మీద పెద్ద గిన్నె కళపెళా మరుగుతోంది. అమ్మ పక్కనే నిలబడి ఉంది. చెదిరిన జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

"కాస్తున్నాను," అంది అమ్మ.

"మనమే మన నీళ్లు కాచుకుని తాగుతుంటే వీధికి ఏం చెప్పమంటావు?"

"మీరు వీధికి ఏం చెప్పుకుంటారో నాకెందుకు? నా పిల్లకి కాచి పోస్తాను."

"ఆ ఆవిరి కిటికీలోంచి బయటికి పోతోంది. ఎదురింటివాళ్లకి కనపడదూ?"

"అందుకే తలుపేశాను."

"తలుపేస్తే సరిపోతుందా? కిటికీ?"

అమ్మ కిటికీ రెక్క దభీమని మూసింది. "ఇప్పుడు సరిపోయిందా? నన్ను కూడా ఈ గిన్నెలో పెట్టి మూత వెయ్యండి, పూర్తవుతుంది."

నాన్న పళ్లు బిగించి ప్లాంటు వైపు వెళ్లిపోయాడు. పిల్లలు జబ్బుపడటం మొదలైన ఆదివారం నుంచి మా ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడుకోలేదు. అరుస్తారు, లేకపోతే నోరు మూసుకుంటారు.

*

మా ప్లాంటంటే ఇంటి పక్కన రేకుల షెడ్డు. బోరు నీళ్లు ముందు ఇసుకలోంచి, బొగ్గులోంచి వడకట్టుకుని వస్తాయి. చివర్లో ఒక స్టీలు గొట్టంలోంచి పోతాయి. ఆ గొట్టంలో దీపం ఉంటుంది. దీపం తడవకుండా దాని చుట్టూ పలచటి గాజు తొడుగు. నీళ్లు ఆ గాజుని రాసుకుంటూ పోతుంటే దీపంలోంచి వచ్చే కిరణాలు నీళ్లలో ఉన్న సూక్ష్మజీవుల పని పడతాయి. మందు వెయ్యక్కర్లేదు, కాచక్కర్లేదు.

గొట్టం చివర చొక్కా బొత్తామంత గాజు కన్ను ఉంది. అందులోంచి చూస్తే నీలం వెలుగు కనపడుతుంది. రోజూ పొద్దున్న బడికి వెళ్లేముందు ఆ కన్నులోంచి చూసేది నేను.

"వెలుగుతోందా?" అని నాన్న అడుగుతాడు.

"వెలుగుతోంది," అంటాను.

నాన్నకీ నాకూ మధ్య రోజూ జరిగే సంభాషణ అదొక్కటే. నవ్వొస్తుందేమో గానీ, ఆ ఒక్క మాట కోసం నేను ఐదు నిమిషాలు ముందే తయారయ్యేదాన్ని. ఊళ్లో అంతమంది తాగే నీళ్లని నాన్న నా కళ్లకి అప్పజెప్పాడని నాకు గర్వంగా ఉండేది. అందుకే డైరీలో ప్రతి రోజూ చివర్న రాసేదాన్ని. దీపం వెలుగుతోంది.

నేను రాసిన ఆ మాటలో అబద్ధం లేదు. ఒక్క రోజు కూడా లేదు.

అదే నన్ను కాల్చుకు తింటోంది.

ప్లాంటు పెట్టిన రోజున దీపం బిగించిన ఫిట్టరు, వినేవాళ్లు ఎవరూ లేక నాకు చెప్పాడు. నాన్న వచ్చినవాళ్లకి షెడ్డు చూపించే హడావిడిలో ఉన్నాడు. ఫిట్టరు మోకాళ్ల మీద కూర్చుని జాయింటు బిగిస్తూ చెప్పాడు. "అమ్మాయ్, ఈ నీలం ఉంది చూడు, పని చేసేది ఇది కాదు. పని చేసేది కంటికి కనపడదు. నీలం కనపడితే లోపల దీపం ఉందని మాత్రమే."

"మరి పురుగులు చచ్చిపోతాయా?" అని అడిగాను. పరాయివాళ్లతో నేను మాట్లాడిన అతి కొద్ది మాటల్లో అదొకటి.

"చావడం కాదు. వాటికి పిల్లలు పుట్టకుండా అయిపోతుంది. ఒక్కటే పురుగు నీ పొట్టలోకి వెళ్లి ఏం చేస్తుంది? వంద అయితే కదా నిన్ను పడుకోబెట్టేది."

తర్వాత జేబులోంచి ఒక నల్ల రబ్బరు బిళ్ల తీసి చూపించాడు. మధ్యలో సన్నటి చిల్లు. "అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. ఎండలో నిలబడితే ఒళ్లు చుర్రుమంటుంది. అదే ఒక్క పరుగున వీధి దాటేస్తే? ఏమీ అవదు. నీళ్లు కూడా అంతే. దీపం ముందు నిదానంగా నడవాలి. పరిగెత్తకూడదు. ఎంత గట్టిగా తోసినా ఈ చిల్లులోంచి పోగలిగినన్ని నీళ్లే పోతాయి. అర్థమైందా?"

అర్థమైంది. డైరీలో రాసుకున్నాను కూడా. రాసుకుని మర్చిపోయాను.

మొన్న సాయంత్రం పాత పేజీలు తిరగేస్తుంటే వేసవి నాటి పేజీ దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. ఆ పేజీ మిగతా పేజీల్లా పడుకోదు, ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది. ఎందుకంటే అక్కడ ప్లాస్టరు వేసి ఒక వస్తువు అంటించాను. పక్కన నా చేతిరాత.

"ఇవాళ ప్లాంటు దగ్గర ఇద్దరు ఖాళీ క్యాన్లతో కొట్టుకున్నారు. సాయంత్రం బాబాయి గొట్టం జాయింటు విప్పి ఈ బిళ్ల నాకిచ్చాడు. చెవికి దుద్దు చేయించుకో అన్నాడు. దీని చిల్లులోంచి చూస్తే ఆకాశం చుక్కంత ఉంది. ఇప్పుడు క్యాన్లు చకచకా నిండుతున్నాయి. అందరూ నవ్వుతున్నారు. దీపం వెలుగుతోంది."

వేసవిలో బోరు నీళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి ఏమీ కాలేదు. వానలు పడ్డాయి. వీధి మురుగంతా నేలలోకి దిగింది. నీళ్లు దీపం ముందు పరుగులు తీశాయి. నేను బొత్తామంత కన్నులోంచి నీలం చూసి, వెలుగుతోంది, వెలుగుతోంది అని చెబుతూనే ఉన్నాను.

*

పదిగంటలప్పుడు గాజత్త వచ్చింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. ప్లాంటులో ట్యాంకులు కడుగుతుంది, ప్రతి ఆదివారం ఆ గాజు తొడుగు బయటికి తీసి నిమ్మరసంతో తుడుస్తుంది. దాని మీద తెల్లటి పొర పేరుకుంటే కిరణాలు నీళ్లని చేరవు. పసిపిల్లకి తల తుడిచినట్టు తుడుస్తుంది ఆ గాజుని. అందుకే నేను గాజత్త అంటాను.

ఆవిడ కూతురు నాలుగో తరగతి. ఆ పదకొండు మందిలో అదొకతి. సెలైన్ ఎక్కుతోంది.

గాజత్త గుమ్మం లోపలికి రాలేదు. చీర నలిగి ఉంది. రెండు రాత్రులు ఆస్పత్రి నేల మీద పడుకున్న మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

"నన్ను రమ్మన్నారంట."

బాబాయి లేచి చేతులు దులుపుకుని బల్ల మీంచి ఒక కాగితం తీశాడు. "రా, రా. పాప ఎలా ఉంది?"

"ఉంది. ఎందుకు రమ్మన్నారు?"

"ఏం లేదు. చిన్న సంతకం."

"దేనికి?"

"గాజు గురించి. రెండు వారాలుగా తుడవడం వీలు పడలేదు అని."

గాజత్త ఆ కాగితం వైపు చూడలేదు. బాబాయి మొహం వైపే చూసింది. "ఎవరికి వీలు పడలేదు?"

"నీకే. మరి తుడిచేది నువ్వే కదా."

"నేను తుడిచాను."

"తుడిచావు. కాదనట్లేదు. కానీ సరిగ్గా..."

"సరిగ్గానే తుడిచాను. ఆ నీళ్లు నా పిల్ల కూడా తాగుతుంది. బయటివాళ్ల పిల్లల కోసం తుడవను అనుకో, నా పిల్ల కోసం తుడవనా?"

"అరవకు."

"నేనింకా అరవలేదు తమ్ముడూ. అరుస్తే ఎలా ఉంటుందో నీకు తెలీదు."

బాబాయి గొంతు తగ్గించాడు. "చూడు. ఎవరో ఒకరు ఏదో ఒక పొరపాటు చెప్పకపోతే ప్లాంటుకి తాళం పడుతుంది. ప్లాంటే లేకపోతే నీకు పనెక్కడిది? నీ మీద ఈగ వాలకుండా చూసుకునే పూచీ నాది. మనిషన్నాక మరుపు రాదా? మర్చిపోయానంటే ఎవరూ ఉరి తీయరు."

"మరి నువ్వు మర్చిపోయానని రాసుకో."

నానమ్మ పక్కకి తిరిగి పవిటతో నోరు మూసుకుంది. నవ్వాపుకోవడానికని నాకనిపించింది. బాబాయి మాత్రం ఎర్రబడ్డాడు.

అప్పుడు గాజత్త నన్ను చూసింది. నేను నా గది తలుపు పక్కన దిండుతోనే నిలబడి ఉన్నాను.

"అదుగో, అమ్మాయి ఉంది. ఆదివారం నేను గాజు తుడుస్తుంటే పక్కనే కూర్చుంది. నువ్వు చెప్పమ్మా. తుడిచానా, లేదా?"

అందరూ నా వైపు తిరిగారు.

తుడిచింది. నాకు నిమ్మచెక్కలు అందించే పని కూడా చెప్పింది. గాజుని వెలుతురులోకి ఎత్తి, "చూడు, అవతల నా మొహం కనపడుతోందా?" అంది. కనపడుతోంది అన్నాను.

ఇవన్నీ నా గొంతు దాకా వచ్చాయి. నాన్న కూడా అప్పుడే షెడ్డులోంచి వచ్చి గుమ్మంలో ఆగాడు. నాన్న కళ్లు నా మీద పడ్డాయి. నేను నేలకేసి చూశాను.

గాజత్త తల తిప్పుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "నువ్వు మాట్లాడవులే. నిన్ననుకుని ఏం లాభం."

తిట్టినా బాగుండేది.

కాగితం తీసుకుని వెళ్లి ప్లాంటు మెట్టు మీద కూర్చుంది. సంతకం పెట్టలేదు. చించలేదు కూడా. ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రి ఉన్న వైపు చూస్తూ కూర్చుంది.

*

నేను వంటింట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను. గలేబులోంచి డైరీ తీసి అమ్మ ముందు తెరిచి పెట్టాను.

అమ్మ ముందు నా మొహం చూసింది, తర్వాత పేజీ. నిదానంగా చదివింది. అమ్మ చదువుతున్నప్పుడు పెదాలు కదులుతాయి. ప్లాస్టరు కింద ఉన్న నల్ల బిళ్లని వేలితో తడిమింది.

"ఇదేంటి?"

చెప్పాను. ఫిట్టరు చెప్పినదంతా చెప్పాను. ఎండ సంగతి, పరుగు సంగతి. నేను అంతసేపు ఆపకుండా మాట్లాడటం అమ్మ ఎప్పుడూ విని ఉండదు. ఏడుస్తున్నానని చివర్న తెలిసింది.

"అంటే గాజుతో సంబంధం లేదా?"

"లేదమ్మా. గాజు అద్దంలా ఉంది."

అమ్మ ప్లాస్టరు ఊడబీకింది. బిళ్లని నా అరచేతిలో పెట్టి నా వేళ్లు తనే ముడిచింది. నా జబ్బ పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చింది.

"ఏం వెతుకుతున్నావయ్యా పొద్దుట్నించీ?" అంది బాబాయితో.

బాబాయి తలెత్తాడు. "ఏదో వాషరు వదినా."

"చూపించవే."

నేను గుప్పిట విప్పాను.

బాబాయి మొహంలో ముందు సంతోషం కనపడింది. నిజంగా సంతోషమే. "ఓర్ని, ఇది నీ దగ్గరుందా సైలెంటూ! నేనే ఇచ్చి మర్చిపోయాను. ఇల్లంతా తవ్వేశాను. ఇటివ్వు, పది నిమిషాల్లో బిగించేస్తా." చెయ్యి చాచి లేచాడు.

నేను గుప్పిట మూసేశాను. వెనక్కి జరిగాను.

అమ్మ మా ఇద్దరి మధ్యా నిలబడింది. "అంటే నీకు తెలుసన్నమాట, దీన్ని తీసినందుకే ఇదంతా అయిందని. తెలిసే ఆ మనిషి చేతికి కాగితం ఇచ్చావన్నమాట. కూతురు ఆస్పత్రిలో ఉంటే!"

"వదినా, నువ్వు లోపలికెళ్లు."

"నేనెందుకు వెళ్తాను? పదేళ్ల వయసు నుంచీ నీకు అన్నం పెట్టిన చెయ్యి ఇది. నువ్వా నన్ను లోపలికి పొమ్మనేది? ఏవండీ, వింటున్నారా? మీ తమ్ముడు చేసిన ఘనకార్యం వింటున్నారా? మీకు చెప్పకుండా గొట్టం విప్పి..."

"ఆపు," అన్నాడు నాన్న.

"ఎందుకాపాలి?"

"తీయమన్నది నేనే."

నానమ్మ చేతిలో జపమాలలా తిప్పుతున్న తాళాలగుత్తి ఆగిపోయింది.

అమ్మ చెయ్యి నా జబ్బ మీంచి జారిపోయింది.

నాన్న గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "వేసవిలో క్యూ వీధి చివరి దాకా ఉండేది. క్యాను నిండడానికి అంతసేపా అని మొహం మీద అనేవాళ్లు. పక్క వీధి ప్లాంటులో చిటికెలో నింపుతున్నారు అనేవాళ్లు. ఆడవాళ్లు కొట్టుకున్నారు. నెత్తురొచ్చింది. అదొక చిన్న రబ్బరు ముక్క. తీస్తే ఏమవుతుంది అనుకున్నాను."

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది అమ్మ.

నాన్న కింద పోసిన వాషర్లని కాలితో పక్కకి నెట్టాడు.

"దానివల్లే అని ఎప్పుడు తెలిసిందని అడుగుతున్నాను."

"సోమవారం. ఫిట్టరుకి ఫోన్ చేశాను."

"ఇవాళ గురువారం."

"నాకు తెలుసు."

"సోమవారం తెలిసి, నేను మంగళవారం నీళ్లు కాస్తుంటే పొయ్యి ఆర్పేశారు మీరు."

నాన్న ఒక్కసారి ఇటు తిరిగాడు. "అయితే ఏం చెయ్యమంటావు? ఆ పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చి గుమ్మంలో నిలబడితే నువ్వు సమాధానం చెబుతావా? నేను మాత్రం కావాలని చేశానా? రోజూ అడిగాను. రోజూ! వెలుగుతోందా అని అడిగితే ఈ పిల్ల వెలుగుతోంది అనేది. ఇంకేం చూడాలి నేను?"

నాలో ఏదో భగ్గుమంది.

ఇప్పటిదాకా ఎవరు తీశారో తెలిస్తే నాన్న బాబాయిని చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. ఇంట్లో కురుక్షేత్రం అవుతుందని, నాన్న గుండె పగులుతుందని, నానమ్మ ఏడుస్తుందని డైరీ దాచాను. రెండు రోజులు అన్నం సయించలేదు. నేను నాన్నని కాపాడుతున్నాననుకున్నాను. నాన్నేమో నా మాట వెనక దాక్కున్నాడు.

నోరు తెరిస్తే ఏమంటానో అని నాకే భయం వేసింది.

"బిళ్ల ఇవ్వు," అన్నాడు నాన్న. ఈసారి అరవలేదు. "ఆవిడ వచ్చేసరికి బిగించేస్తే నీళ్లు బాగుంటాయి. ఈ రోజు నుంచీ ఎవరికీ ఏమీ కాదు. మంచిదే కదా? ఇవ్వమ్మా."

"ఆ కాగితమో?" అంది అమ్మ.

నాన్న నా ముందుకి చెయ్యి చాచాడు.

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది.

*

నీళ్లు పరీక్ష చేసే ఆవిడ పొట్టిగా, చురుగ్గా ఉంది. భుజానికి ఐసు పెట్టిన డబ్బా. అందులో మూతలు బిగించిన చిన్న సీసాలు. ఎవరికీ నమస్కారం పెట్టలేదు, కుర్చీ వేస్తే కూర్చోలేదు.

లైటరు వెలిగించి కుళాయి మూతిని కాల్చింది. నీళ్లు కాసేపు వదిలేసింది. తర్వాత సీసా మూత తీసి, అంచుకి వేలు తగలకుండా పట్టుకుని నింపింది. మూత బిగించి సీసా మీద ఏదో రాసి డబ్బాలో పెట్టింది.

"రేపటికి తెలుస్తుంది," అంది.

"దీపం కూడా చూడండి మేడం," అన్నాడు బాబాయి. "కొత్తదే. ఏడాది కూడా కాలేదు మార్చి."

ఆవిడ వంగి గాజు కన్నులోంచి చూసింది. "వెలుగుతోందే."

"మరి! ఒక్క రోజు కూడా ఆగలేదు. మా అమ్మాయి రోజూ చూసి డైరీలో రాస్తుంది. కాకపోతే లోపలి గాజు తుడవడంలో కాస్త... మనిషి మరుపు. ఆవిడే ఒప్పుకుంటోంది, కాగితం కూడా రాసింది." మెట్టు మీద కూర్చున్న గాజత్త వైపు చూపించాడు.

ఆవిడ గాజత్త వైపు తిరిగింది. "ఏమ్మా, నిజమేనా?"

గాజత్త కాగితం వైపు చూసుకుంది. ఆవిడ చేతిలో పెన్ను ఉంది. ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో. పెన్ను మూత తీసి ఉంది.

"నా పిల్ల దగ్గరికి తొందరగా వెళ్లాలి," అంది. అంతే అంది. వంగి కాగితాన్ని మోకాలి మీద సరిచేసుకుంది.

నా గుప్పిట్లో బిళ్ల చెమటకి జారుతోంది. నాన్న నా పక్కనే నిలబడ్డాడు. ఆయన చొక్కా చెయ్యి నా భుజానికి తగులుతోంది. చిన్నప్పుడు జనంలో తప్పిపోకుండా ఆ చొక్కా చెయ్యే పట్టుకుని నడిచేదాన్ని.

పరీక్షావిడ నన్ను చూసింది. "రోజూ చూసేది నువ్వేనా?"

తల ఊపాను.

"నోటితో చెప్పు. రాసుకోవాలి నేను. దీపం రోజూ వెలుగుతోందా?"

నాన్న నా వైపు చూడలేదు. ఆయన ఊపిరి ఆపడం మాత్రం నాకు వినపడింది. రోజూ పొద్దున్న ఆయన అడిగే ప్రశ్నే. నాకొచ్చిన జవాబూ అదే. అది నిజం కూడా.

"వెలుగుతోందండీ," అన్నాను.

నాన్న ఊపిరి వదిలాడు. బాబాయి గడ్డం గోక్కున్నాడు. పరీక్షావిడ పుస్తకంలో రాసుకుంది. వంటింటి కిటికీ రెక్క తెరుచుకుంది, అందులో అమ్మ మొహం. మెట్టు మీద గాజత్త పెన్ను కాగితానికి ఆనింది.

"కానీ," అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. ఇద్దరి పెన్నులూ ఆగాయి.